షేక్ జాయెద్ రోడ్డు దాటిన రోజు

2006లో నేను దుబాయ్‌లో దిగాక మా కాకను చూడటానికి మూడు వారాలు పట్టింది. ఇద్దరం ఒకే ఊళ్ళో ఉన్నాం. ఆయన డేరాలో, నేను జెబెల్ అలీలో. మధ్య దూరం నలభై కిలోమీటర్లు ఉంటుందేమో. మన దగ్గరైతే పొద్దున పోయి మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చే దూరం. ఇప్పుడు వెళ్తున్న పిల్లలకు ఈ మాట చెబితే నమ్మరు, దుబాయ్ అనగానే వాళ్ళకు మెట్రో గుర్తొస్తుంది. మేం పోయిన దుబాయ్‌లో మెట్రో లేదు. మెట్రో కోసం గుంతలు తవ్వడం అప్పుడే మొదలుపెట్టారు. ఆ గుంతల దగ్గరే నా ఉద్యోగం.

మాది కోరుట్ల దగ్గర పల్లె. అప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా. మా వైపు ప్రతి వాడకట్టు నుంచి ఒకరో ఇద్దరో గల్ఫ్‌లో ఉంటారు, ఎవరింట్లో చూసినా ఒక పెద్ద పూల బ్లాంకెట్టూ అటక మీద తాళ్ళతో కట్టిన ఒక సూట్‌కేసూ కనిపిస్తాయి. మా కాక 1981లో పోయాడు. డేరాలో ఒక దర్జీ షాపులో పని. నా చిన్నప్పుడు సెలవు మీద వచ్చినప్పుడల్లా జేబులోంచి వంద దిర్హాముల నోటు తీసి, వెనక్కి తిప్పి, దాని మీదున్న బిల్డింగు చూపించేవాడు. "ఇది ట్రేడ్ సెంటర్ రా. ముప్పై తొమ్మిది అంతస్తులు. దీని అవతల ఇగ ఏం లేదు, ఇసుకనే." నాకు దుబాయ్ అంటే అదే. ఒక పొడుగాటి బిల్డింగు, దాని అవతల ఇసుక.

నేను వెళ్ళేసరికి కాక చెప్పిన ఇసుక లేదు. ట్రేడ్ సెంటర్ అవతల ఊరు అబుదాబి వైపు సాగిపోయింది. దుబాయ్ మన హైదరాబాద్‌లా గుండ్రంగా పెరగలేదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎడారి, రెంటి మధ్యన షేక్ జాయెద్ రోడ్డు, దాని వెంబడే ఊరంతా తాడులా సాగింది. ఆ రోడ్డు మీద కారున్నవాడికి నలభై కిలోమీటర్లు అరగంట. కారు లేనివాడికి ఒక పూట. పని ఉండేది అబుదాబి వైపు చివర్లో, చుట్టాలు, బజారు, గుడి ఉండేవి డేరా, బర్ దుబాయ్ వైపు చివర్లో.

మాకు సెలవు శుక్రవారం ఒక్కరోజే. ఆ రోజున్నా ఓవర్‌టైమ్ పడితే పోయినట్టే. నాకు మొదటి రెండు శుక్రవారాలు అలాగే పోయాయి. మూడో శుక్రవారం పొద్దున్నే లేచి, బట్టలు ఉతుక్కుని, క్యాంపు నుంచి మెయిన్ రోడ్డు దాకా నడిచి బస్‌స్టాప్‌లో నిలబడ్డాను. నాకంటే ముందు వందమందికి పైగా ఉన్నారు. నేపాలీలు, బంగాలీలు, పఠాన్లు, మలయాళీలు, మన రాజస్థాన్ వాళ్ళు. మొదటి బస్సు నిండుగా వచ్చి ఆగకుండా పోయింది. రెండోదీ అంతే. మూడో బస్సులో ముందున్న ముప్పై మంది ఎక్కారు. ఏసీ షెల్టర్లు మా వైపు ఇంకా రాలేదు, ఒక ఇనుప స్తంభం, దాని నీడలో వరుసగా నలుగురైదుగురు, స్తంభం నీడ ఎటు జరిగితే వాళ్ళూ అటు జరుగుతూ ఉన్నారు. ఇంకొన్ని బస్సులు పోయాక నాకు ఒకటి దొరికింది. అల్ ఘుబైబా బస్ స్టేషన్లో దిగి, అక్కడి నుంచి క్రీక్, అంటే బర్ దుబాయ్‌కీ డేరాకీ మధ్యనున్న సముద్రపు పాయ, దాని ఒడ్డుకు నడిచి, అబ్రా ఎక్కి అవతల డేరాలో సబ్‌ఖా దగ్గర దిగేసరికి సాయంత్రం అయిపోయింది.

అబ్రా అంటే చెక్క పడవ. మధ్యలో బల్ల, దాని మీద అటూ ఇటూ వీపులానించి ఇరవై మంది దాకా కూర్చుంటారు. ఒక్క దిర్హాము. నీళ్ళ మీద గాలి తగలగానే పొద్దున్నుంచి నిలబడ్డ అలసటంతా పోయింది. అవతలి గట్టు మీద కాక తెల్ల చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో నాకోసం కుట్టిన రెండు ప్యాంట్లు. కొలతలు ఎలా తెలుసు కాక అంటే, "మీ అయ్య కొలతలే పెట్టిన, సరిపోకపోతే మళ్ళ చూద్దాం" అన్నాడు. నడుము దగ్గర కొంచెం వదులు, అంతే.

అక్కడి నుంచి నాసర్ స్క్వేర్. బోర్డు మీద బనియాస్ స్క్వేర్ అని ఉన్నా మనవాళ్ళెవరూ అలా అనరు. శుక్రవారం సాయంత్రం ఆ స్క్వేర్‌లో, సబ్‌ఖా సందుల్లో ఏ ఊరివాళ్ళకు ఆ ఊరి చోటు ఉండేది. మెట్‌పల్లి వాళ్ళు ఒక షాపు మెట్ల దగ్గర, ఆర్మూర్ వాళ్ళు బస్ స్టేషన్ గోడ దగ్గర, మా వాళ్ళు ఒక లైటు స్తంభం దగ్గర. మనిషికో దిర్హాము కరక్ చాయ్, ఇక కబుర్లు. ఎవరి పొలంలో బోరు పడింది, ఎవరి బిడ్డ పెళ్ళి కుదిరింది, ఏ ఏజెంటు ఎవరిని ముంచాడు, అన్నీ అక్కడే. ఊరికి పోయేవాడు ఉంటే వాడి చేతికి అందరూ తలా ఒక సంచి. ఊరి నుంచి వచ్చినవాడు ఉంటే వాడి చుట్టూ జనం, సకినాల డబ్బా ఎవరిదో, మామిడికాయ తొక్కు ఎవరిదో పేర్లు చదివి పంచేవాడు. మా అమ్మ పంపిన సకినాలు నాకు మొదటిసారి ఆ స్తంభం కిందే అందాయి. సగానికి పైగా విరిగిపోయి ఉన్నాయి, ఆ ముక్కలే అందరం తిన్నాం.

గంటన్నర కూర్చున్నానో లేదో మళ్ళీ లేవాలి. ఎనిమిదింటికి బయల్దేరితేనే పదకొండుకల్లా క్యాంపు. పొద్దున నాలుగింటికి లేవాలి. శుక్రవారమంతా కలిపి నాకు మిగిలింది ఆ గంటన్నర.

నా పని టైమ్ కీపర్. మెట్రో పనిలో సబ్ కాంట్రాక్టు చేసే ఒక కంపెనీ, పేరు రాయను. పొద్దున నాలుగున్నరకు రిజిస్టరు పట్టుకుని క్యాంపు గేటు దగ్గర నిలబడాలి, ఎక్కినవాళ్ళ పేరు ఎదురుగా పీ, రానివాళ్ళకు ఏ. బస్సు మన దగ్గర తిరిగే పాత డొక్కు బస్సుల్లాంటిదే, ఏసీ లేదు, కిటికీలకు కమ్ములు. సీట్లో కూర్చోగానే అందరూ నిద్రపోయేవాళ్ళు. తల ముందు సీటు రాడ్డుకి ఆనించి పడుకుంటే నుదుటి మీద గీత పడేది, సైట్లో హెల్మెట్ పెట్టుకునే ముందు ఆ గీత తుడుచుకుంటున్నట్టు రుద్దుకునేవాళ్ళు. పోయి రావడానికి పట్టే మూడు గంటలకు జీతం లేదు. రిజిస్టరులో ఆ గంటలకు గడి కూడా లేదు.

పని మాత్రం చూడముచ్చటగా ఉండేది, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నా. రోడ్డు పక్కన వరుసగా పిల్లర్లు లేచాయి. యార్డులో పోసిన పెద్ద పెద్ద కాంక్రీటు ముక్కలను, సెగ్మెంట్లు అనేవాళ్ళం, రాత్రిపూట ట్రెయిలర్ల మీద తెచ్చేవాళ్ళు. రెండు పిల్లర్ల మీద ఒక పొడుగాటి ఇనుప గర్డర్ నిలబడి ఉంటుంది, అది ఆ ముక్కలను ఒక్కొక్కటిగా పైకి లాగి వరుసగా వేలాడదీస్తుంది. ముక్కల మధ్య జిగురు పూసి, లోపలి గొట్టాల్లోంచి ఉక్కు కేబుళ్ళు దూర్చి, జాకీలతో లాగి బిగిస్తే అన్నీ కలిసి ఒకే దూలంలా నిలబడతాయి. పూసలు దారానికి ఎక్కించి లాగినట్టు. తర్వాత గర్డర్ తనంతట తాను ముందు పిల్లర్ల మీదికి జరుగుతుంది. కింద పన్నెండు లేన్లలో కార్లు ఆగకుండా పోతూనే ఉండేవి. జపాన్ ఇంజనీర్లు, టర్కీ ఫోర్‌మ్యాన్లు, మా నిజామాబాద్, కరీంనగర్ వాళ్ళు, బీహార్ వాళ్ళు, అందరూ ఫ్లడ్ లైట్ల కింద తల ఎత్తి ఆ ముక్క పైకి పోవడం చూసేవాళ్ళు.

ఇప్పుడు ఆ రోడ్డు సంగతి. బర్షా దగ్గర మా సైటు రోడ్డుకు ఒక పక్కన. కిరాణా కొట్టు, అక్కడ బకాలా అంటారు, రోడ్డుకు అవతల పక్కన. కంటికి కనిపిస్తూ ఉంటుంది, ఎర్ర బోర్డు, బయట ఫ్రిజ్. కానీ పోవడానికి దారి లేదు. అటు ఆరు లేన్లు, ఇటు ఆరు, మధ్యలో కంచె, కార్లు గంటకు వంద, నూట ఇరవై మీద. నడిచి దాటడానికి వంతెన లేదు, సబ్‌వే లేదు. బండి మీదైతే ఇంటర్‌చేంజ్ దాకా పోయి తిరిగి రావాలి, కిలోమీటర్ల దూరం. డబ్బున్నవాడు రోడ్డు దాటడానికి టాక్సీ ఎక్కేవాడు. ఇది అతిశయోక్తి కాదు, ఎదురుగా కనిపించే బిల్డింగుకు పోవడానికి టాక్సీ మాట్లాడుకున్నవాళ్ళను నేను చూశాను. ఊరిని కట్టేటప్పుడు నడిచే మనిషి ఒకడుంటాడని ఎవరికీ తట్టలేదు. నాకు దుబాయ్ మీద ఉన్న ఒకే ఒక్క కోపం అది.

2007 ఎండాకాలం. నిర్మల్ వైపు కుర్రాడు ఒకడు, ఇరవై మూడేళ్ళు, ఊర్లో చెల్లెలి పెళ్ళి పెట్టుకున్నారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎండ బ్రేకు ఇచ్చారు. ఫోన్ కార్డు కొనుక్కొస్తానని చెప్పి రోడ్డు దాటబోయాడు. మొదటి ఆరు లేన్లు దాటాడు. కంచె ఎక్కి దిగాడు. అంతే.

మర్నాడు నాలుగున్నరకు గేటు దగ్గర రిజిస్టరు తెరిస్తే అతని పేరు ఉంది. ఎదురుగా గడి. పీ పెట్టలేను. ఏ పెట్టడానికి చెయ్యి రాలేదు. ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను, దాని తర్వాతి రోజూ వదిలేశాను. నెలాఖరుకు రిజిస్టరు ఆఫీసుకు పోతే, గడులు ఖాళీగా ఉన్నాయి నింపి పంపు అని వెనక్కి తిప్పి పంపారు. చివరికి ఆ పేరు మీద గీత కొట్టి పంపాను. స్కేలు పెట్టి, నిదానంగా, వంకర పోకుండా. ఇన్నేళ్ళయినా ఆ గీత నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

2008 చివర్లో పరిస్థితి మారిపోయింది. అమెరికాలో బ్యాంకులు పడిపోయాయట, మాకేం సంబంధం అనుకున్నాం. రెండు నెలల్లో చుట్టుపక్కల టవర్ల మీద క్రేన్లు కదలకుండా నిలబడిపోయాయి. మా కంపెనీ రెండు నెలల జీతం ఆపింది, లాంగ్ లీవ్ పేరుతో వందలమందిని ఇంటికి పంపింది. వాళ్ళందరి పేర్ల మీద కూడా నేనే గీతలు కొట్టాను. మెట్రో పని మాత్రం ఆగలేదు. అది ప్రభుత్వం పట్టుదలగా పెట్టుకున్న తేదీ. అందుకే నా ఉద్యోగం మిగిలింది.

తొమ్మిదో తేదీ, తొమ్మిదో నెల, 2009. రాత్రి తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాల తొమ్మిది సెకన్లకు దుబాయ్ పాలకుడు షేక్ మహమ్మద్ మెట్రో మొదటి లైను, రెడ్ లైన్, ప్రారంభించాడు. క్యాంపు మెస్‌లో టీవీ ముందు అందరం నిలబడి చూశాం. ఇరవై తొమ్మిది స్టేషన్లలో మొదట తెరిచింది పదే. జెబెల్ అలీ వైపు స్టేషన్లు అప్పుడు తెరవలేదు, మా పక్కకు వచ్చేసరికి ఇంకొంత కాలం పట్టింది. టీవీలో రైలు మా పిల్లర్ల మీద పోతుంటే కార్పెంటర్ అన్న ఒకాయన లేచి, ఇది నా పిల్లర్, అది నా పిల్లర్ అని వేలితో చూపిస్తూ పోయాడు. ఎవరూ నవ్వలేదు. నిజంగానే అవి ఆయనవే.

11వ తేదీ శుక్రవారం. శుక్రవారాల్లో రైలు మధ్యాహ్నం రెండింటి నుంచే. నేను బస్సులో మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ స్టేషన్ దాకా వచ్చి, కార్డు కోసం లైన్లో నిలబడి, సిల్వర్ నోల్ కార్డు, మెట్రోకు డబ్బులు వేసుకునే కార్డు, కొన్నాను. ఛార్జీ ఒక దిర్హాము ఎనభై ఫిల్స్ నుంచి మొదలు. అదే రోడ్డు మీద కారువాడు సాలిక్ అనే టోల్ గేటు ఒక్కసారి దాటితే నాలుగు దిర్హాములు. రంజాన్ నెల, సంచిలో నీళ్ళ సీసా ఉన్నా బయట తాగకూడదు. రైల్లో జనం కిక్కిరిసి ఉన్నారు, ఎక్కడికీ పోయే పని లేకుండా చూడటానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. యూనియన్ స్టేషన్లో దిగితే మెట్ల దగ్గర కాక తెల్ల చొక్కాలో ఉన్నాడు. క్యాంపు నుంచి ఇక్కడికి గంటంపావు! నేను టైము చూసుకుని మళ్ళీ చూసుకున్నాను, గడియారాలతో బతికేవాడిని కదా.

కాకను తీసుకుని వెనక్కి అదే రైలు ఎక్కాను. డ్రైవర్ లేని రైలు కాబట్టి ముందు అద్దం దగ్గర నిలబడితే పట్టాలు నేరుగా కనిపిస్తాయి. కాక అటూ ఇటూ వెతికాడు. "నడిపేటోడు ఏడిరా?" "లేడు కాక. ఆఫీసులోంచి కంప్యూటర్ నడుపుతది." ఆయనకు నమ్మకం కుదరలేదు, కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. యూనియన్ నుంచి ఖాలిద్ బిన్ అల్ వలీద్ స్టేషన్‌కు రైలు భూమి లోపల, క్రీక్ కిందుగా పోతుంది. నేను చెప్పాను, కాక, మనం ఇప్పుడు క్రీక్ కింద పోతున్నాం అని. కాక కిటికీకి మొహం ఆనించాడు. బయట చీకటి, సొరంగం గోడ. ఇరవై ఎనిమిదేళ్ళు అబ్రాలో దాటిన మనిషి, ఆ నీళ్ళ వాసన తెలిసిన మనిషి. రైలు ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి.

"క్రీక్ వచ్చిందా?" అన్నాడు.

"దాటేసినం కాక."

"నీళ్ళేవి మరి?"

ఏం చెప్పాలో తెలియలేదు. పైన ఉన్నయి అన్నాను. ఆయన తల పైకెత్తి రైలు పైకప్పు వైపు చూశాడు.

తర్వాత రైలు భూమి మీదికి వచ్చి పిల్లర్ల మీదికి ఎక్కింది. ట్రేడ్ సెంటర్ పక్కగా పోతుంటే కాక దాన్ని గుర్తుపట్టడానికి క్షణం పట్టింది, అంత చిన్నగా కనిపించింది. దాని వెనక బుర్జ్ దుబాయ్, అప్పటికి ఇంకా ఆ పేరే, 2010 జనవరిలో తెరిచినప్పుడు బుర్జ్ ఖలీఫా అన్నారు. ఎనిమిది వందల ఇరవై ఎనిమిది మీటర్లు. కాక మెడ వంచి చూశాడు గానీ ఏమీ అనలేదు. ఆయన కళ్ళు మళ్ళీ ట్రేడ్ సెంటర్ వైపే పోయాయి.

మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ స్టేషన్లో దిగాం. దుబాయ్ మెట్రో స్టేషన్లు ఎలా ఉంటాయంటే, స్టేషన్ రోడ్డుకు ఒక పక్కన ఉంటే దాని నుంచి అవతలి పక్కకు రోడ్డు మీదుగా ఒక వంతెన ఉంటుంది, నాలుగు వైపులా మూసి, ఏసీ పెట్టి, నడవలేనివాళ్ళకు జరిగే పట్టీలు వేసి. టికెట్ గేట్లకు బయటే ఉంటుంది కాబట్టి రైలు ఎక్కకపోయినా ఎవరైనా దాటొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. కాకను తీసుకుని ఆ వంతెన ఎక్కాను. కింద పన్నెండు లేన్లు. అద్దాల వెనక శబ్దం కూడా వినిపించదు. మధ్యకు వచ్చాక ఆగిపోయాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి, ఆ నిర్మల్ కుర్రాడిది, రిజిస్టరుది, గీతది, అప్పుడు చెప్పాను. మా పక్కనుంచి పిల్లలతో, షాపింగ్ కవర్లతో టూరిస్టులు పోతూనే ఉన్నారు.

కాక చాలాసేపు కింద రోడ్డు వైపు చూశాడు. దర్జీ కదా, ఏదైనా ఆలోచిస్తే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సూది పట్టుకున్నట్టు రుద్దుకోవడం ఆయన అలవాటు. అలాగే రుద్దుకుంటూ అన్నాడు, "ఈ వంతెన ముందుగాల కట్టి రైలు తర్వాత కట్టినా అయిపోవు గదరా."

ఆ వంతెన ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాం. నాలుగు నిమిషాలు పట్టింది.

తర్వాత నా శుక్రవారం పెద్దదైంది. మా వైపు స్టేషన్లు తెరిచాక, స్టేషన్ల నుంచి తిరిగే ఫీడర్ బస్సులు వచ్చాక ఇంకా పెద్దదైంది. దిగిన అరగంటలోపు ఫీడర్ ఎక్కితే అదే ప్రయాణం కింద లెక్క, కొత్తగా మళ్ళీ మొదటి నుంచి ఛార్జీ పడదు, ఈ ఏర్పాటు మాలాంటి వాళ్ళకు ఎంత మేలు చేసిందో మాటల్లో చెప్పలేను. మధ్యాహ్నానికి డేరా చేరి రాత్రి పది దాకా కూర్చునేవాళ్ళం. 2011 సెప్టెంబర్ 9న మెట్రో రెండో లైను, గ్రీన్ లైన్ వచ్చింది, నాసర్ స్క్వేర్ కిందే బనియాస్ స్క్వేర్ స్టేషన్. మా స్తంభానికి నాలుగు అడుగుల్లో ఎస్కలేటర్. కాక షాపు నుంచి అక్కడికి నడిచే వచ్చేవాడు, అబ్రా మాత్రం వదల్లేదు. బర్ దుబాయ్ శివాలయానికి పోవాలంటే రైలు ఉండగా కూడా పడవే. పూల దుకాణాల సందులోంచి ఇరుకు మెట్లెక్కి దర్శనం చేసుకుని, మళ్ళీ పడవలో.

అందరికీ ఆ సుఖం దక్కలేదు. మా బావమరిది పక్క ఊరు షార్జాలో రోలా దగ్గర బెడ్ స్పేస్‌లో, అంటే గదిలో ఒక మంచం మటుకే అద్దెకు తీసుకుని, ఉండేవాడు, అక్కడ అద్దె తక్కువని. పని దుబాయ్‌లో. గ్రీన్ లైన్ అల్ ఖుసైస్‌లో, షార్జా సరిహద్దు దగ్గరే ఆగిపోయింది. వాడు కార్ లిఫ్ట్‌లో నలుగురితో కలిసి అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్‌లో రోజుకు మూడు గంటలు గడిపేవాడు. ఇప్పటికీ షార్జాకు మెట్రో లేదు. ఊరికి గీత గీసిన చోట రైలు ఆగుతుంది, మనుషుల బతుకు ఆ గీత దగ్గర ఆగదు కదా.

కాక 2012లో వచ్చేశాడు. నేను 2014లో.

2024 డిసెంబర్లో భార్యనూ కూతురినీ తీసుకుని మళ్ళీ వెళ్ళాను, ఈసారి టూరిస్టుగా. ఆ ఒక్క ఏడాదే కోటీ ఎనభై ఏడు లక్షల మంది బయటి నుంచి దుబాయ్ చూడటానికి వచ్చారు, ఆ లెక్కలో మేం ముగ్గురం ఉన్నాం. 2005లో పదమూడు లక్షలున్న జనాభా ముప్పై ఎనిమిది లక్షలు దాటింది. నాకు గుర్తున్న దారులన్నీ మెట్రో స్టేషన్ల పాత పేర్లతో ఉన్నాయి. రాషిదియా ఇప్పుడు సెంటర్‌పాయింట్, జాఫిలియా ఇప్పుడు మ్యాక్స్, ఖాలిద్ బిన్ అల్ వలీద్ ఇప్పుడు బుర్జుమాన్, పేర్లు కంపెనీలకు అమ్మేస్తున్నారు, మ్యాప్ ముందు నిలబడి పాతవి వెతుక్కున్నాను. మేం ఉన్న నెలలోనే బ్లూ లైన్ కాంట్రాక్టు ఇచ్చారు. ముప్పై కిలోమీటర్లు, పద్నాలుగు స్టేషన్లు, 2029 సెప్టెంబర్ 9కి పూర్తి చేస్తారట, మళ్ళీ తొమ్మిదే. ఇంటర్నేషనల్ సిటీకి పోతుంది. ఆ చవక ఫ్లాట్లలో ఇరుక్కుని ఉండేవాళ్ళు ఎంత కాలంగా ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు, ఆ వార్త చదివి నిజంగా సంతోషపడ్డాను.

శివాలయానికి పోదామంటే అది బర్ దుబాయ్‌లో లేదు. 2024 జనవరిలో జెబెల్ అలీకి మార్చారు, అక్కడ 2022లో తెరిచిన కొత్త హిందూ దేవాలయం పక్కకు. గుడి కోసం శుక్రవారాలు ఖర్చు పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చిన మాకు, ఇప్పుడు గుడే మా పాత క్యాంపు వైపు వచ్చేసింది. దర్శనం చేసుకుని క్యాంపు ఎక్కడుండేదో చూపిద్దామని టాక్సీలో తిప్పాను. గోదాములు ఉన్నాయి. నా కూతురు కిటికీలోంచి చూసి, ఇక్కడా నాన్నా అని అడిగింది, ఇక్కడే ఎక్కడో అన్నాను.

ఆఖరి రోజు ఆదివారం సాయంత్రం వాళ్ళిద్దరినీ గోల్డ్ సూక్‌లో వదిలి నేనొక్కడినే నాసర్ స్క్వేర్‌కు వచ్చాను. స్తంభం కోసం వెతికాను. అదో కాదో తేల్చుకోలేకపోయాను, కాకకు వీడియో కాల్ చేసి చూపిస్తే, "గిది గాదు, ఎడమ పక్కకు తిప్పు" అంటూ పది నిమిషాలు తిప్పించాడు. ఆయనకూ తేలలేదు. నేను ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుంటే పక్కన మెట్ల మీద కూర్చున్న కుర్రాడొకడు లేచి వచ్చాడు.

"అన్నా, మీది ఏ ఊరు?"

చెప్పాను. వాడిది మల్లాపూర్ దగ్గర. వచ్చి నాలుగు నెలలైంది, ఒక క్లీనింగ్ కంపెనీలో పని. శుక్రవారం కాదా సెలవు అంటే, "మాకిప్పుడు ఆదివారమే అన్నా" అన్నాడు. వారాంతం 2022లోనే మారిపోయిందని నాకు తెలుసు, అయినా ఆ మాట నోటికి అదే వచ్చింది. ఊరి నుంచి ఎవరో వచ్చారట, వాళ్ళమ్మ పంపిన డబ్బా తెస్తున్నారని ఎదురుచూస్తున్నాడు. కాక ఫోన్‌లోంచే వాడి తాత పేరడిగి, తెలుసన్నాడు. ముగ్గురం కాసేపు మాట్లాడుకున్నాం. ఎలా పోతావు తమ్మీ అంటే, కార్డులో పైసల్ తక్కువున్నయి, సూద్దాం అన్నాడు.

మా ఫ్లైటు తెల్లవారుజామున, హోటల్ నుంచి టాక్సీలోనే పోతాం. జేబులోంచి నోల్ కార్డు తీసి చూశాను. పదిహేడు దిర్హాములు ఉన్నాయి. వాడి చేతిలో పెట్టాను.